ఇసుకబాటలో మోటారుబండి



ఇల్లంత వెల పలుకు పెద్ద మోటారుబండ్లు నేడు మన ప్రాంతపు రోడ్లమీద సైతము కానవచ్చుచున్నవి. నాలుగు చక్రములకును ఇంజను బల మందించు ఈ జాతి బండ్లు బాటలేని తావులకు పోవుటకే పుట్టినవి. 1970లో ఇంగ్లండున వెలువడిన రేంజ్ రోవర్ బండి, పొలపుబండి దార్ఢ్యమును, పట్టణపుబండి సుఖమును ఒకచోట చేర్చినది. అట్టి బండిలో నిర్జన సముద్రతీరమునకు గాలము వేయబోవువారి సంగతి మీకు మనవి చేసెదను.

ఆస్ట్రేలియా తూర్పుతీరమున, బ్రిస్బేన్ నగరమునకు ఉత్తరమున, 120 కిలోమీటర్లకు పైగా పొడవుగల దీవి యొకటి కలదు. లోకమునందలి ఇసుకదీవులలో నిదియే పెద్దది. ఫ్రేజర్ దీవి యనబడిన దీనికి 2023లో అచ్చటి బుచుల్లా జాతివారి ప్రాచీననామమగు గర్రి యను పేరు మరల వచ్చినది. అచ్చట సముద్రపుటొడ్డే రాజమార్గము. చలికాలమున టైలర్ అను చేపలు గుంపులుగా ఒడ్డుచేరువకు వచ్చును. ఇసుకమేటకును ఒడ్డునకును నడుమ నీరు నల్లగా కనబడు లోతుకాలువలలో అవి తిరుగును గనుక, ఎరిగినవారు అచ్చటనే గాలము వేయుదురు.

బ్రిస్బేనులో కాపురమున్న మా మేనల్లునితో నేనా తీరమునకు పోయితిని. బండిని పడవమీది కెక్కించుటకు ముందే అతడు టైర్లలోని గాలిని, చదరపు అంగుళమునకు 36 పౌనులనుండి 18 పౌనులకు తగ్గించెను. కారణము రైతులకు తెలిసినదే. ఇనుపకట్టు బిగించిన సన్నని చక్రము ఇసుకలో దిగబడును. వెడల్పాటి టైరుబండి తేలికగా సాగును. గాలి సగము తీసినచో టైరు అణగి, నేలను సుమారు రెట్టింపు మేర తాకును. బరువు మారదు, అది పరచుకొను చోటు పెరుగును.

ఖరీదైన బండ్లతో నొక చిక్కు కలదు. అందమునకై వానికి పెద్ద లోహచక్రమును, దానిచుట్టు పలుచని టైరును అమర్చుదురు. అట్టి టైరునందు అణగుటకు చోటే యుండదు. చక్రపు అంచు రాతికి తగిలి చెడును. కావున తెలిసినవారు చిన్నచక్రమును, దళసరి టైరును వేయించుకొందురు.

ఇక ఆటుపోటులు. నీరు వెనుదీసినపుడు తడిసి గట్టిపడిన ఇసుకమీదనే బండి నడపవలెను. నిండుపోటునకు ముందు రెండు గంటలు, తరువాత రెండు గంటలు ప్రయాణము కూడదు. పోటు దినమునకు సుమారు 50 నిమిషములు వెనుకకు జరుగును గనుక నిన్నటి లెక్క నేటికి చెల్లదు. చేపలు పడుచున్నవను ఆశతో మరి యొక గంట నిలిచినవానికి ఒకవంక అలలు, ఒకవంక మెత్తని ఇసుకదిబ్బలు. ఉప్పునీరు ఇంజనులో చొచ్చినచో ఎంత వెలగల బండియైనను ఇనుపముక్కయే.

బండి దిగబడినచో ఇంజనును రేపరాదు. తిరిగినకొలది చక్రము తన గోతిని తానే త్రవ్వుకొనును. ఆపి, చక్రముల చుట్టునున్న ఇసుకను పారతో తీసి, మరికొంత గాలి వదలి, వచ్చిన జాడవెంట మెల్లగా వెనుకకు రావలెను. గట్టి రోడ్డెక్కునపుడు గాలి మరల నింపవలెను. లేనిచో మెత్తని టైరు వేగమునకు వేడెక్కి పగులవచ్చును. ఇల్లు చేరగానే బండి యడుగుభాగమును మంచినీట కడుగవలెను.

మీ బిడ్డలెవరైన దూరదేశమున అట్టి ప్రయాణమునకు బయలుదేరుచున్నామని తెలిపినచో, బండి వెల అడుగకుడు. పోటువేళ తెలిసికొంటివా, గాలి తీసితివా, పారయు పంపును బండిలో నున్నవా యని అడుగుడు. ఆ మూడు ప్రశ్నలకు జవాబు చెప్పగలిగినవాడు చేప దొరకకున్నను క్షేమముగా ఇల్లు చేరును.