నంబరు పలక - వాహనము వయస్సు

ఎద్దు వయస్సును పండ్లు చూచి చెప్పుట మన రైతులకు వెన్నతో పెట్టిన విద్య. సంతలో పశువును కొనువాడు మొదట దాని నోరు తెరచి చూచును. మోటారు వాహనమునకు పండ్లు లేవు. రంగు వేసినచో పాత కారు సైతము కొత్తదానివలె మెరయును. అయినను దాని వయస్సును కొంతవరకు తెలుపు గుర్తు ఒకటి కలదు. అదియే నంబరు పలక.

1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము 1989 జూలైలో అమలులోనికి వచ్చెను. ఆ చట్టముననుసరించి నేటి నంబరు పద్ధతి ఏర్పడెను. ఇందు మొదటి రెండక్షరములు రాష్ట్రమును, పిదప వచ్చు రెండంకెలు వాహనమును రిజిస్టరు చేసిన కార్యాలయమును తెలుపును. ఆపైన వరుసను తెలుపు అక్షరములు, చివర సంఖ్య ఉండును. అంతకు పూర్వము మూడక్షరములు, వాని తరువాత అంకెలు మాత్రమే ఉండెడివి. అట్టి పలక నేడు కంటబడినచో, ఆ బండి కొత్త పద్ధతి రాకమునుపే రిజిస్టరు అయినదని గ్రహింపవచ్చును.

తెలుగునాట ఈ పలకలు రాష్ట్రముల చరిత్రను గూడ చెప్పుచున్నవి. 2014 జూన్ 2వ తేదీన తెలంగాణము ప్రత్యేక రాష్ట్రమయ్యెను. అచ్చటి కొత్త వాహనములకు 'ఏపీ'కి బదులు 'టీఎస్' అను అక్షరములు వచ్చెను. 2024 మార్చిలో అవి 'టీజీ'గా మారెను. హైదరాబాదు వీధిలో ఏపీ 09, టీఎస్ 09, టీజీ 09 అను పలకలు గల మూడు కార్లు వరుసగా నిలిచియున్నవనుకొనుడు. వానిలో ఏది ముందు రిజిస్టరు అయినదో, ఏది తరువాత అయినదో బాలురు సైతము చెప్పగలరు. ఆంధ్రప్రదేశములో 2019లో జిల్లా సంఖ్యలకు మారుగా రాష్ట్రమంతటికిని 39 అను సంఖ్య ప్రవేశపెట్టబడెను. కావున కృష్ణా జిల్లాకు చెందిన 16, విశాఖపట్టణమునకు చెందిన 31 అను సంఖ్యలు గల ఏపీ బండ్లు ఆ మార్పునకు ముందటివి.

ఒకే కార్యాలయపు పలకలలో నడిమి అక్షరములు మరికొంత సూచన నిచ్చును. ఒక వరుసలో సంఖ్యలు 9999తో ముగియగా, తరువాతి అక్షరముల వరుస మొదలగును.

అయితే ఇచ్చట ఒక జాగ్రత్త అవసరము. పలక తెలుపునది ఆ నంబరు ఇచ్చిన కాలమునే గాని, బండి తయారైన కాలమును గాదు. ఒక రాష్ట్రమున ఏండ్ల తరబడి తిరిగిన కారును వేరొక రాష్ట్రమునకు తెచ్చి స్థిరముగా ఉంచినచో, దానికి అచ్చటి కొత్త నంబరు నిత్తురు. అప్పుడు పాత దేహమునకు కొత్త ముఖము వచ్చును. పలకను మాత్రమే నమ్మి కష్టార్జితమును ధారపోసినవాడు మోసపోవును. సొంత కారు రిజిస్ట్రేషను 15 సంవత్సరములే చెల్లును. ఆపైన బండిని పరీక్షింపజేసి దానిని పొడిగించుకొనవలెను. కొత్త నంబరు వచ్చినంత మాత్రమున ఈ గడువు మరల మొదటికి రాదు.

కావున పాత వాహనమును కొనువారు రిజిస్ట్రేషను పత్రమును తప్పక చదువవలెను. తయారైన నెల, సంవత్సరము అందు వ్రాయబడియుండును. పత్రములోని ఇంజను, ఛాసిస్ సంఖ్యలు బండిపై చెక్కిన సంఖ్యలతో సరిపోవలెను. పలకను చూచి ఊహింపవచ్చును. పత్రమును చూచియే నిశ్చయింపవలెను.