వెయ్యి డాలర్లకు మొత్తం ఎంత?

‘మా దగ్గర కమిషన్ లేదండీ’ అని మనీ చేంజర్ చెబితే నమ్మవచ్చు. కమిషన్ పేరుతో తీసుకోడు, రేటులోనే కలిపేస్తాడు. ఫోన్‌లో మనం చూసేది బ్యాంకులు పెద్ద మొత్తాలకు తమలో తాము పెట్టుకునే రేటు. ఫోన్ డాలరుకు 90 రూపాయలు చూపిస్తుంటే కౌంటర్‌లో 92 చెప్పారనుకుందాం. వెయ్యి డాలర్లకు 2,000 రూపాయలు అక్కడే పోయాయి. ఇక జీఎస్టీ. లక్షలోపు మార్పిడికి చాలాచోట్ల మొత్తంలో 1 శాతాన్ని సేవ విలువగా పట్టి, దానిమీద 18 శాతం వేస్తారు. అంటే 166 రూపాయలు. బిల్లులో కనిపించే ఈ 166కే గొణుక్కుంటాం, కనిపించని 2,000 ఊసెత్తం! పైగా తిరిగొచ్చాక మిగిలిన డాలర్లు అదే కౌంటర్‌లో ఇస్తే ఏ 88కో తీసుకుంటారు.

అందుకే రేటు అడగడం కంటే ‘అన్నీ కలిపి వెయ్యి డాలర్లకు ఎన్ని రూపాయలు కట్టాలి?’ అని ఇద్దరు ముగ్గుర్ని అడగండి. విమానాశ్రయం దాకా ఆగితే రేటు సాధారణంగా భారమే, బేరానికి తీరికా ఉండదు.

నగదు ఎంత పట్టుకెళ్లాలన్నది దేశాన్నిబట్టి ఉంటుంది. డల్లాస్‌లో కొడుకు దగ్గరికెళ్లే అమ్మానాన్నలకు రెండు మూడు వందల డాలర్లు చాలు, అక్కడ దాదాపు అన్నిటికీ కార్డే. బ్యాంకాక్ వీధి దుకాణాల్లో మాత్రం బాత్‌లు చేతిలో ఉండాల్సిందే. అక్కడ డాలర్లు మార్చుకునేటట్లయితే మరకలూ పెన్ను గీతలూ లేని 100 నోట్లు తీసుకెళ్లండి. చిన్న నోట్లకు రేటు తగ్గిస్తారు.

ఫారెక్స్ కార్డులో డబ్బు వేసిన రోజు రేటే ఖాయం. అయితే డాలర్లు వేసుకుని బాత్‌లలో గీకితే మరో మార్పిడి రుసుము పడుతుంది. మామూలు క్రెడిట్ కార్డు మీద చాలా బ్యాంకులు 2 నుంచి 3.5 శాతం దాకా అదనంగా వేస్తాయి. దుకాణంలో మెషిన్ ‘రూపాయల్లో కడతారా?’ అని అడిగితే వద్దనండి, ఆ దేశపు కరెన్సీనే ఎంచుకోండి. రూపాయలంటే మనకు లెక్క సులువే గానీ, ఆ మార్పిడి రేటు దుకాణం తరఫువాళ్లు పెట్టేది.

రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం ఒక మనిషి ఆర్థిక సంవత్సరంలో 2,50,000 డాలర్ల దాకా బయటికి పంపవచ్చు, ఖర్చు చేయవచ్చు. నోట్ల రూపంలో మాత్రం చాలా దేశాలకు ఒక్కో ప్రయాణానికి 3,000 డాలర్లే. ప్రయాణానికి 60 రోజుల ముందు నుంచే ఇస్తారు. 50,000 రూపాయలు దాటితే నగదుగా కట్టడం కుదరదు, చెక్కో బ్యాంకు బదిలీయో కావాలి. తెలిసినవాళ్ల ద్వారా బిల్లు లేకుండా చవగ్గా ఇప్పిస్తామనేవాళ్ల జోలికి పోవద్దు. అది నేరం, పైగా దొంగనోటు వస్తే అడిగే దిక్కుండదు.

తిరిగొచ్చాక 2,000 డాలర్ల వరకు నోట్లు ఉంచుకోవచ్చు, అంతకు మించినవి 180 రోజుల్లో అప్పగించాలి. నాణేలు ఇక్కడ కొనేవాళ్లు దొరకడం కష్టం, వాటిని అక్కడే ఖర్చుపెట్టి రండి.