పాత రివాల్వరునకు క్రొత్త మెఱుగు

గోదావరి కిరుప్రక్కల నున్న పాత లోగిళ్ళలో తాతలనాటి కత్తులు, వేటతుపాకులు, అక్కడక్కడ రివాల్వర్లును నేటికిని ఉండవచ్చును. పెట్టె యడుగున త్రుప్పుపట్టిన అట్టి వస్తువును చూచినపుడు, దానిని తళతళలాడునట్లు చేయింతమను కోరిక పెద్దలకు కలుగుట సహజము. ఆ కోరికవలన ఎంతవరకు మేలు కలుగునో, ఎచ్చట కీడు మొదలగునో మీకు మనవి చేయుటయే నా యుద్దేశము.

గుండ్లు నింపిన చక్రము తిరుగుచు, ఒక దాని వెంట నొకటిగ ప్రేలునట్టి చేతితుపాకియే రివాల్వరు. అమెరికాదేశీయుడగు శామ్యూల్ కోల్టు 1836లో ఆ దేశమున దీనికి పేటెంటు హక్కును పొందెను. పాత రివాల్వర్ల ఉక్కుపై తరచుగా కానవచ్చు నీలినలుపు ఛాయ పైకి పూసిన రంగు కాదు. వినుటకు వింతగా నుండును గాని, అదియు నొక విధమైన త్రుప్పే! పూర్వపు పనివారు ఉక్కును జిడ్డు లేకుండ తుడిచి, ఆమ్లముతో కూడిన ద్రావకమును పూసి, బుద్ధిపూర్వకముగనే ఎఱ్ఱత్రుప్పు పట్టించి, పిమ్మట మరుగునీటిలో ఉంచెడివారు. అంతట ఎఱుపు నలుపుగా మాఱును. వదులుగా నున్న పొడిని తుడిచి, ఈ పనినే పలుమాఱులు చేయుదురు. ఎఱ్ఱత్రుప్పు గుల్లగా నుండి, తేమను పీల్చి, ఇనుమును తినివేయును. నల్లనిదో పలుచని పొరయై ఉక్కును అంటిపెట్టుకొని, నూనెను నిలిపి, కొంతవరకు కాపాడును.

నేనెఱిగిన యొక కుటుంబమువారు తమ తాతగారి రివాల్వరును ఇత్తడిసామానులకు మెఱుగుపెట్టు వానికిచ్చిరి. అతడు సానచక్రముపై పట్టి దానిని వెండివలె మెఱయించెను. ఇంటివారెల్లరు సంతసించిరి. కాని వానకాలము గడచునప్పటికి దాని నిండ త్రుప్పు తేలెను. కాపాడుచుండిన నల్లపొర సానతోనే పోయినది గదా! అంచులు మొద్దువాఱినవి, గొట్టముపై నుండిన అక్షరములు, అంకెలు అరగిపోయినవి. త్రుప్పును మరల తుడువవచ్చును గాని, అరగిన అక్షరములను తెచ్చువారెవరు?

ఆ అక్షరములే ఆయుధమునకు జాతకము. చేసినవారి పేరు, వరుససంఖ్య, లండను లేక బర్మింగుహాములో పరీక్షించి వేసిన ముద్ర వానివలననే తెలియును. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి ఠాణాలపై అల్లూరి సీతారామరాజుగారి దళము పడి తుపాకులను, తూటాలను గొనిపోయిన సంగతి మన మండలములవారికి క్రొత్తగా చెప్పనక్కఱలేదు. అట్టి తుపాకి యొకటి నేడు చరిత్రకారుని కంట బడినచో, దానిపై పొడిచిన గుర్తు దప్ప వేఱు సాక్షి యేది? రాజమహేంద్రవరమున ఆంధ్రేతిహాస పరిశోధక మండలి వెలసినదియు ఆ 1922లోనే. శాసనములయందలి యక్షరమును కాపాడ నేర్చిన యీ పట్టణము ఉక్కుమీది యక్షరమును మాత్రము చెఱుపదగునా?

చట్టమును ఇదియే చెప్పుచున్నది. 1878 నాటి శాసనము పోయి, దాని స్థానమున 1959 నాటి ఆయుధముల చట్టము వచ్చినది. దీని ప్రకారము తుపాకిమీది పేరును, సంఖ్యను చెఱుపుట నేరము. లైసెన్సు లేనివాడు మరమ్మతు వ్యాపారము చేయరాదు. "పాతది గదా, లైసెన్సేల?" యని కొంద ఱందురు. మరమ్మతు చేసినను తుపాకిగా పనిచేయజాలని పురాతన వస్తువునకే మినహాయింపు గలదు. బాగుచేసిన ప్రేలగలదానికి లేదు. కావున తండ్రితాతల పెట్టెలో అట్టిది కనబడినచో ఆలసింపక ఠాణాలోగాని, లైసెన్సుగల వర్తకునియొద్దగాని అప్పగించి, పిమ్మట హక్కు విషయమును విచారించుకొనవలెను. గుండు లేదని నమ్మి మీటను నొక్కి చూడరాదు.

అనుమతి గలవారు చేయింపదగినది స్వల్పమే. తెలిసినవానిచే గుండ్లు లేవని నిర్ధారణ చేయించి, త్రుప్పున్నచోట తేలికనూనె వేసి నాననిచ్చి, ఉక్కుకంటె మెత్తనిదగు రాగిరేకుతో మెల్లగా గీకి, గుడ్డతో తుడిపింపవలెను. ఉప్పుకాగితము, సాన, నిమ్మరసము, చింతపండు దగ్గఱకు రానీయరాదు. వంటనూనెలు కాలక్రమమున జిగురు కట్టును. యంత్రములకు వాడు పలుచని నూనెయే మంచిది. చేతిచెమటయందలి ఉప్పు త్రుప్పునకు మూలము గనుక తాకిన ప్రతిసారి తుడువవలెను. తోలు తేమను పట్టి యుంచును. కావున తోలుసంచిలో దాచరాదు. మన డెల్టా వానలలో ఈ జాగ్రత్త మఱింత యవసరము.

త్రుప్పు నాపుట రక్షణ. పాతదనమును గీకివేయుట నాశనము. మనుమలకు మెఱుపు నిచ్చుటకంటె, ఆ వస్తువు ఎవరిదో, ఎప్పటిదో చెప్పగల గుర్తులను చెక్కుచెదరకుండ అప్పగించుటయే పెద్దల ధర్మము.