సగం తీగలతో నడిచిన పీసీ

హైదరాబాద్ శివార్లలో బహదూర్‌పల్లి నుంచి గండిమైసమ్మ మీదుగా దుండిగల్ వెళ్లే దారిలో ఇంజినీరింగ్ కాలేజీలకు కొదవలేదు. ఈసీఈ పిల్లలకు మైక్రోప్రాసెసర్ అనగానే గుర్తొచ్చేది ఇంటెల్ 8086. 1978 నాటి చిప్, 29,000 ట్రాన్సిస్టర్లు, 40 పిన్నులు. పరీక్ష కోసం దాని పిన్ డయాగ్రమ్ బట్టీ పడతారు. ఆ డయాగ్రమ్ అలా ఎందుకుందో తెలియాలంటే లెక్క వేసి చూడాలి.

డేటాకు 16 తీగలు, అడ్రస్‌కు 20, మొత్తం 36. మిగిలిన 4 పిన్నులూ కరెంటుకు ఒకటి, గ్రౌండ్‌కు రెండు, క్లాక్‌కు ఒకటిగా సరిపోతాయి. చదువు, రాయి, ఆగు అని చెప్పే సంకేతాలకు ఇక చోటే లేదు. అందుకే 16 పిన్నులు రెండు పనులు చేస్తాయి. ముందు అడ్రస్ పంపుతాయి, బయట ఉన్న లాచ్ దాన్ని పట్టి ఉంచుతుంది, తర్వాత అవే పిన్నుల మీద డేటా నడుస్తుంది. ఇలా ఒక్కసారి మెమరీ దాకా వెళ్లి రావడానికి తక్కువలో తక్కువ 4 క్లాక్ టిక్కులు.

ఇక 20 అడ్రస్ తీగలంటే 2ను 20 సార్లు గుణించడం: 10,48,576 బైట్లు. డాస్ రోజుల్లో అందరినీ ఇబ్బంది పెట్టిన 640 కేబీ హద్దు ఈ ఒక్క ఎంబీలోంచే వచ్చింది. మిగతా 384 కేబీని స్క్రీన్‌కూ రోమ్‌కూ కార్డులకూ కేటాయించారు.

1981 ఆగస్టులో వచ్చిన ఐబీఎం పీసీలో ఉన్నది 8086 కాదు, దాని తమ్ముడు 8088. లోపల ఇద్దరూ 16 బిట్లే. బయటి డేటా తీగలు మాత్రం 8088కు 8. అప్పటికే చవగ్గా దొరుకుతున్న 8 బిట్ల చిప్‌లతో బోర్డు తయారు చేసుకోవచ్చన్నది లాభం. నష్టం ఎంతో ఒక్క ఆదేశంతో తేలుతుంది. ల్యాబ్ కిట్‌లో ‘మూవ్ ఏఎక్స్, బీఎక్స్’ కోసం కొట్టేది 8బీ, సీ3 అనే రెండు బైట్లు. ఆ పని చేయడానికి పట్టేది 2 టిక్కులు. ఆ రెండు బైట్లను తెచ్చుకోవడానికి 8086కు 4 టిక్కులు, 8088కు 8. అంటే 8088లో చేసే పనికి నాలుగింతల సమయం తెచ్చుకోవడానికే పోతుంది. ముందే తెచ్చి పెట్టుకునే క్యూ ఉన్నా, అది 8088లో 4 బైట్లే. ఇలాంటి చిన్న ఆదేశాలు వరసగా వస్తే ఇట్టే ఖాళీ అవుతుంది.

హైదరాబాద్‌కు ఈ బిట్ల లెక్క అప్పటికే పరిచయం. ఇక్కడి ఈసీఐఎల్ 1969లో తయారు చేసిన టీడీసీ-12 పన్నెండు బిట్లది, తర్వాతి టీడీసీ-316 పదహారు బిట్లది.

పీసీ క్లాక్ 4.77 మెగాహెర్ట్జ్. దాన్ని 4తో భాగిస్తే సెకనుకు సుమారు 11.9 లక్షల బైట్లు. లైనుకు 80 అక్షరాలతో 25 లైన్ల తెరకు, అక్షరానికి రెండు బైట్ల చొప్పున, కావాల్సింది 4,000 బైట్లే కాబట్టి ఇబ్బంది లేదు. కానీ ఆ తెరకు తెలిసింది 256 ఆకారాలే. మన గుణింతాలు, వత్తులు అందులో ఎక్కడ పడతాయి? సీ-డాక్ వారి జిస్ట్ కార్డును పీసీలోని ఖాళీ స్లాట్‌లో గుచ్చితే డాస్ తెర మీద తెలుగు కనిపించేది. ఆ స్లాట్ వివరాలను ఐబీఎం బయటపెట్టడం వల్లే ఎవరైనా కార్డు చేయగలిగారు. ఆ మేలు చిన్నది కాదు.

అసలు చిక్కు బొమ్మలతో వచ్చింది. 256 రంగుల్లో 640×480 తెరకు 3,07,200 బైట్లు కావాలి. 8 మెగాహెర్ట్జ్ దగ్గర నిలిచిపోయిన, కార్డులు గుచ్చే 16 బిట్ల ఐఎస్ఏ స్లాట్, ఒక్కో బదిలీకి రెండు టిక్కుల చొప్పున ఎంత బాగా నడిచినా, సెకనుకు 80 లక్షల బైట్లే. అంటే తెరను 26 సార్లు నింపగలదు, అదీ కాగితం మీద. పక్కన 386 ప్రాసెసర్ 33 మెగాహెర్ట్జ్‌కు చేరినా స్లాట్ మారలేదు. 1992లో వచ్చిన పీసీఐ స్లాట్ 32 తీగలతో, 33 మెగాహెర్ట్జ్‌తో సెకనుకు 13.3 కోట్ల బైట్లకు చేరింది. అందులోనూ అడ్రస్, డేటా అవే పిన్నుల మీద వంతులవారీగా నడుస్తాయి.

పాత పీసీ వేగాన్ని మెగాహెర్ట్జ్ అంకె ఒక్కటే చూసి చెప్పకూడదు. 486 డీఎక్స్2-66 పేరులోని 66 లోపలి క్లాక్, బయటి తీగల (బస్) వేగం 33 మాత్రమే. ఆ తేడాను చాలావరకు భరించింది లోపలి 8 కేబీ క్యాష్.

ల్యాబ్ రికార్డు రాస్తున్న పిల్లలకు ఒక్క మాట. ప్రతి ఆదేశం పక్కన రెండు గడులు గీయండి, తేవడానికి ఎన్ని టిక్కులు, చేయడానికి ఎన్ని టిక్కులు అని. 8086కు ఒకసారి, 8088కు ఒకసారి నింపి చూడండి.