అంగుళాలు కాదు... అడుగులు కొలవండి!

'ఎన్ని అంగుళాలు?' - కొత్త టీవీ కొన్న ఇంటికొచ్చిన చుట్టాలు అడిగే మొదటి ప్రశ్న ఇదే. 'ఎంతయింది?' అన్నది రెండోది. 'బొమ్మ ఎలా వస్తోంది?' అని మాత్రం ఎవరూ అడగరు. అంత డబ్బు పోసి కొన్నాక బాగా రాకుండా ఎక్కడికి పోతుందిలే అని ధీమా. కానీ హైడెఫినిషన్ టీవీ ఉన్న ప్రతి ఇంట్లోనూ హైడెఫినిషన్ బొమ్మే వస్తోందా అంటే... లేదు! టీవీ మంచిదే. లోపమంతా దాన్ని ఎంచుకోవడంలో, బిగించుకోవడంలో ఉంటుంది.

గుంటూరు జిల్లా తుళ్లూరునే తీసుకోండి. ఒకప్పుడు పత్తి ఎలా ఉంది, మిరప ధర ఎంత పలికింది అన్నవే అక్కడి కబుర్లు. అమరావతి రాజధాని ప్రాంతంలో భాగమయ్యాక ఆ ఊరి బతుకు టీవీతో ముడిపడిపోయింది. 2015 అక్టోబరు 22న తుళ్లూరు మండలంలోని ఉద్దండరాయునిపాలెంలో రాజధానికి శంకుస్థాపన, 2019 డిసెంబరు 17న శాసనసభలో మూడు రాజధానుల మాట, 2022 మార్చి 3న హైకోర్టు తీర్పు, 2025 మే 2న పనుల పునఃప్రారంభం... ఊరి రాత మార్చే ఇలాంటి కబుర్లను టీవీ తెర అడుగున పరుగెత్తే అక్షరాల్లో వెతుక్కున్న ఇళ్లు ఎన్నో. అలాంటి చోట టీవీ అంటే సరదా వస్తువు మాత్రమే కాదు.

దానికి పెట్టే డబ్బూ ఊరికే వచ్చింది కాదు. భూసమీకరణలో పొలం ఇచ్చిన రైతుకు 2015లో ప్రకటించిన కౌలు... మెట్టకైతే ఎకరాకు ఏడాదికి 30 వేల రూపాయలు, జరీబుకైతే 50 వేలు. మెట్టకు ఏటా మూడు వేలు, జరీబుకు అయిదు వేలు పెంచుతూ పదేళ్లు ఇస్తామన్నారు. ఆ కౌలు ఆలస్యమై ఎదురుచూసిన సంవత్సరాలూ ఉన్నాయి. ఓ మాదిరి 43 అంగుళాల టీవీ కొనాలంటే పాతిక, ముప్ఫై వేలు కావాలి. అంటే ఎకరం మెట్టకు ముట్టిన తొలి ఏడాది కౌలంత! అంత సొమ్ము పెట్టేటప్పుడు దుకాణంలో మెరిసిందల్లా తెచ్చుకుంటే ఎలా?

యాంటెన్నా నుంచి ఫైబర్ దాకా

తెలుగువారికి టీవీ కొత్త కాదు. 1977 అక్టోబరు 23న హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం మొదలైంది. 1982లో రంగులొచ్చాయి. 1987 జనవరిలో 'రామాయణం' మొదలయ్యాక ఆదివారం ఉదయం ఊరంతా టీవీ ఉన్న ఇంట్లోనే. ఒకరు మేడెక్కి యాంటెన్నా తిప్పడం, కింద నుంచి ఇంకొకరు 'ఆ... వచ్చింది... అయ్యో, పోయింది' అని అరవడం ఆ తరం వాళ్లెవరూ మర్చిపోలేరు. 1995లో జెమినీ, ఈటీవీ వచ్చాయి. వీధి వీధికీ కేబుల్ వైరు పాకింది. ఆ కేబుల్ డిజిటల్‌కు మారడానికి పల్లెలకు పెట్టిన చివరి గడువు 2017 మార్చి 31. అదే ఏడాది డిసెంబరు 27న తుళ్లూరు మండలం వెలగపూడిలోని సచివాలయంలో నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించారు. కరెంటు స్తంభాల మీదుగా వచ్చే ఒకే తీగతో టీవీ, ఇంటర్నెట్, ఫోన్ అన్నమాట.

యాంటెన్నా రోజుల్లో బొమ్మ బాగోలేకపోతే తప్పెక్కడుందో అందరికీ తెలిసేది... మేడ మీద! ఇప్పుడలా కాదు. బొమ్మ వస్తుంది, రంగులూ వస్తాయి. అది అసలు హెచ్‌డీయా కాదా అన్నదే తెలియదు.

చుక్కల లెక్క

టీవీ బొమ్మంటే చుక్కల ముగ్గు. మామూలు ఎస్‌డీ చానల్ బొమ్మలో అడ్డంగా 720, నిలువుగా 576... మొత్తం నాలుగు లక్షల పైచిలుకు చుక్కలు. ఫుల్ హెచ్‌డీలో అడ్డంగా 1920, నిలువుగా 1080... దాదాపు 20.7 లక్షలు. 4కే టీవీలో అయితే 3840, 2160... సుమారు 83 లక్షలు.

ఇక్కడే ఉంది అసలు కిటుకు. 4కే టీవీలో ఎస్‌డీ చానల్ పెడితే నాలుగు లక్షల చుక్కల బొమ్మని 83 లక్షల గళ్లలో సర్దాలి. వచ్చిన ఒక్కో చుక్కతో ఇరవై గళ్లు నింపాలి. మిగిలినవన్నీ టీవీ ఊహించి వేసేవే. గరిటెడు పిండిని పెద్ద పెనమంతా పరిస్తే అట్టు ఏమవుతుంది? ఇదీ అంతే. తెర పెద్దదయ్యేకొద్దీ బొమ్మ పలచనవుతుంది.

తెలుగు వార్తా చానళ్లు చాలావరకు ఎస్‌డీలోనే వస్తున్నాయి. ఇంట్లో పొద్దస్తమానం నడిచేది వార్తలే అయితే 55 అంగుళాల 4కే టీవీ కొనుక్కుని ఉపయోగం లేదు సరికదా, పాత చిన్న టీవీలోనే అక్షరాలు నయంగా ఉండేవనిపిస్తుంది. సినిమాలు, క్రికెట్ ఎక్కువగా చూసే ఇంటికైతే పెద్ద తెర అందమే వేరు. కాబట్టి దుకాణానికి వెళ్లేముందు ఇంట్లో ఎవరు ఏం చూస్తున్నారో ఓ వారం గమనిస్తే చాలు, సగం నిర్ణయం అయిపోయినట్టే.

మంచం నుంచి గోడకి ఎంత?

తెర సైజును ఐమూలగా కొలుస్తారు. 32 అంగుళాల టీవీ వెడల్పు 71 సెంటీమీటర్లు, 43 అంగుళాలది 95, 55 అంగుళాలది 122. ఎంత తెర కావాలో చెప్పేది గోడ కాదు, కూర్చునే చోటు. అక్కడి నుంచి గోడకి టేపు పెట్టి కొలవాలి.

ఆరడుగుల లోపైతే 32 అంగుళాలు సరిపోతుంది. ఏడెనిమిది అడుగులుంటే 43 హాయిగా ఉంటుంది. వార్తల్లాంటి ఎస్‌డీ చానళ్లకూ, హెచ్‌డీ సినిమాలకూ మధ్యేమార్గం ఇదే. తొమ్మిది, పది అడుగుల హాలుండి, హెచ్‌డీ ఎక్కువగా చూసేవాళ్లు 55 గురించి ఆలోచించవచ్చు.

మరి 4కే సంగతి? 43 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెర మీద ఒక్కో చుక్క వెడల్పు అర మిల్లీమీటరే. అయిదున్నర, ఆరడుగుల దూరం దాటితే మామూలు కన్ను ఆ చుక్కల్ని విడదీసి చూడలేదు. అంతకంటే చిన్న చుక్కలు ఇచ్చినా ఎనిమిదడుగుల దూరంలోని మంచం మీద కూర్చున్నవారికి తేడా అంతంతమాత్రమే. ధరలో పెద్ద తేడా లేకపోతే 4కే తీసుకోండి. వేలల్లో తేడా ఉంటే ఆ డబ్బు మంచి స్పీకరుకు పనికొస్తుంది. తెర పలచనయ్యేకొద్దీ లోపలి స్పీకర్లు చిన్నవైపోయాయి మరి.

పన్ను సంగతీ గుర్తుంచుకోవాలి. 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్‌టీ 28 శాతం ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుంచి అది 18 శాతానికి తగ్గింది. కాబట్టి పాత ధర చూపించి 'భారీ తగ్గింపు' అంటే ఆ తగ్గింపులో పన్నుది ఎంతో లెక్కేసుకోవాలి.

దుకాణంలో మాయాబజార్

గుంటూరుకో విజయవాడకో వెళ్లి పెద్ద దుకాణంలో అడుగుపెడితే గోడ నిండా టీవీలు. ఒకదాంట్లో చిలకలు, ఇంకోదాంట్లో సముద్రం, మరోదాంట్లో పండ్ల మీద నీటిబొట్లు. కళ్లు జిగేల్‌మంటాయి. అవన్నీ టీవీ గొప్ప చూపించడానికే తీసిన 4కే వీడియోలు. వెలుతురు కూడా దుకాణం లైట్లకు తగ్గట్టు బాగా పెంచి ఉంటుంది. ఇంట్లో మీరు చూసేది చిలకల్ని కాదు కదా! రోజూ చూసే చానల్ ఒకటి పెట్టమని అడగండి. పక్కకు జరిగి, గోడవార నిలబడి చూడండి. కొన్ని తెరల్లో పక్క నుంచి చూస్తే రంగులు వెలిసిపోతాయి. మంచం మీద ఇద్దరు, చాప మీద ముగ్గురు, గడప దగ్గర ఒకరు కూర్చుని చూసే మన ఇళ్లలో ఇది ముఖ్యం.

పేర్లు చూసి కంగారు పడక్కర్లేదు. ఎల్ఈడీ టీవీ అంటే వెనక ఎల్ఈడీ దీపాలున్న ఎల్‌సీడీనే. క్యూఎల్ఈడీ కూడా ఆ కుటుంబమే, రంగులు మరికాస్త చిక్కగా ఉంటాయి. ఓఎల్ఈడీ మాత్రం వేరే జాతి. దాంట్లో ప్రతి చుక్కా తనంతట తానే వెలుగుతుంది. నలుపు నల్లగా కనిపిస్తుంది. ధర కూడా అలాగే ఉంటుంది!

కాలువలో నీరుంటేనే...

పై కాలువలో నీరు రాకపోతే బోదె ఎంత వెడల్పు తవ్వి ఏం లాభం? రైతుకి చెప్పనక్కర్లేదు. హెచ్‌డీ బొమ్మ కూడా నాలుగు తూములు దాటి తెర మీదికి రావాలి. ఏ ఒక్కటి మూసుకున్నా వచ్చేది ఎస్‌డీనే.

మొదటిది చానల్. ఒకే చానల్‌కు ఎస్‌డీకో నంబరు, హెచ్‌డీకో నంబరు ఉంటాయి. హెచ్‌డీకి విడిగా డబ్బు కట్టాలి. కట్టి కూడా అలవాటుకొద్దీ పాత నంబరే నొక్కేవాళ్లుంటారు.

రెండోది సెట్‌టాప్ బాక్స్. పాత బాక్సుకు హెచ్‌డీ ఇచ్చే శక్తి లేకపోతే కేబుల్ ఆపరేటర్‌నో, డిష్ కంపెనీనో అడిగి మార్పించుకోవాలి.

మూడోది వైరు. ఎరుపు, పసుపు, తెలుపు మూతులున్న పాత వైరుతో హెచ్‌డీ బొమ్మ రాదు. హెచ్‌డీఎంఐ వైరే ఉండాలి. ఇల్లిల్లూ తిరిగి చూస్తే ఎక్కువగా దొరికే తప్పుల్లో ఇదొకటి. ఖర్చు కొన్ని వందలే.

నాలుగోది బాక్సులో సెట్టింగు. వీడియో అవుట్‌పుట్ 576 దగ్గరుంటే 1080కి మార్చాలి. ఆ మార్పుకు పట్టేది ఒక్క నిమిషం.

ఇంటర్నెట్‌తో చూసేవారికి మరో లెక్క. ఫుల్ హెచ్‌డీ సినిమాకు సెకనుకు అయిదు మెగాబిట్ల వేగం కావాలి, 4కేకి పదిహేను. గంట హెచ్‌డీ సినిమాకు మూడు జీబీ దాకా కరిగిపోతుంది. రోజుకు రెండు జీబీ వచ్చే ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి చూస్తే ఇంటర్వెల్ రాకముందే శుభం కార్డే!

గోడకెక్కించే ముందు

టీవీని పటంలా పైకి తగిలించడం చాలా ఇళ్లలో కనిపిస్తుంది. అరగంట చూస్తే మెడ పట్టేస్తుంది. కూర్చున్నప్పుడు మన కన్ను ఎంత ఎత్తులో ఉంటుందో తెర మధ్యభాగం ఇంచుమించు అక్కడుండాలి. కింద కూర్చునే అలవాటున్న ఇంట్లో ఇంకా కిందికి దించాలి. కిటికీకి ఎదురుగా పెడితే పగలు తెరలో కిటికీయే కనిపిస్తుంది. పాత మట్టిగోడలకూ, పెచ్చులూడే గోడలకూ బరువు వేలాడదీయకుండా బల్ల మీద పెట్టుకోవడమే క్షేమం.

పెట్టెను ఆటోలో తెచ్చేటప్పుడు పడుకోబెట్టకూడదు. నిలబెట్టే తేవాలి. తెచ్చినవాళ్లు ఉండగానే విప్పి, వెలిగించి చూసుకోవాలి. తెర పగిలితే కొత్త తెర ఖరీదు దాదాపు టీవీ అంత ఉంటుంది.

వెలిగించాక ముందు పిక్చర్ మోడ్ మార్చండి. 'వివిడ్', 'డైనమిక్' అన్నవి దుకాణం వెలుతురుకి. ఇంటికి 'స్టాండర్డ్' కానీ 'సినిమా' కానీ చాలు. కంటికి హాయి, కరెంటూ ఆదా. తర్వాత తెర ఆకారం. 1957 నాటి 'మాయాబజార్' లాంటి సినిమాలు తీసిందే నలుచదరానికి దగ్గరగా ఉండే తెర కోసం. అటూ ఇటూ నల్ల పట్టీలు వస్తే అవి టీవీ లోపం కాదు. తెరంతా నింపాలని సాగదీస్తే ఎస్వీ రంగారావు ఘటోత్కచుడు ఇంకో రెండింతలవుతాడు, శశిరేఖ కూడా ఆయనతో పోటీపడుతుంది!

ఉరిమితే... పీకేయండి

పల్లెల్లో టీవీకి పెద్ద శత్రువు పిడుగు. ఉరుములు మొదలుకాక ముందే ప్లగ్గు తీయాలి. అది ఒక్కటే సరిపోదు, డిష్ నుంచో కేబుల్ నుంచో వచ్చే వైరు కూడా పీకాలి. పిడుగు ఆ దారినా వస్తుంది. చాలా టీవీలు 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకుంటాయి. వెనక అచ్చేసి ఉంటుంది, చూసుకోవచ్చు. వోల్టేజీ అంతకన్నా ఎగిసిపడే చోట స్టెబిలైజర్ అవసరం. మూడో పిన్నుకు సరైన ఎర్తింగు తప్పనిసరి. 80 వాట్ల టీవీని రోజుకు ఆరు గంటలు చూస్తే నెలకు పద్నాలుగు, పదిహేను యూనిట్లు కాలుతుంది. నక్షత్రాల లేబుల్ చూసి కొనడం అందుకే.

మిరప కల్లాల కాలంలో దుమ్ము ఇంట్లోకీ వస్తుంది. తెర మీద నీళ్లు చిమ్మకూడదు. టీవీ ఆపి, మెత్తటి పొడి గుడ్డతో తుడిస్తే చాలు. ఇక పాత డబ్బా టీవీని పెరట్లో పడేసి పిల్లలకు ఆటవస్తువు చేయకండి. దాని గాజులో సీసం ఉంటుంది. ఎక్స్ఛేంజిలో ఇచ్చేయడమో, ఈ-వ్యర్థాలు తీసుకునేవారికి అప్పగించడమో మంచిది. కొత్తదాని బిల్లు, వారంటీ కార్డు మాత్రం పట్టా కాగితాల పక్కనే దాచండి. దుకాణం మొండికేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు.

ఇవన్నీ సరిచూసుకుంటే ఎకరం కౌలు పెట్టి కొన్న టీవీ ఆ డబ్బుకు న్యాయం చేస్తుంది. కళ్లజోడు వెతుక్కోకుండానే ఇంట్లో పెద్దాయన తెర అడుగున పరుగెత్తే అక్షరాల్ని చదివేయగలిగితే అది సరైన టీవీ కిందే లెక్క. కాబట్టి ఎదురింటివాళ్లది ఎన్ని అంగుళాలో ఆరా తీసే ముందు మీ మంచం నుంచి గోడకి ఎన్ని అడుగులో కొలిచేయండి. ఆ పనికి కావాల్సింది ఓ టేపు మాత్రమే!