అనంతపురం మెట్టలో తక్కువ నీటి మొక్కలు: ఎంపికకు ఆధారం నీటి అవసరపు కాలం

అనంతపురం పీఠభూమి పడమటి కనుమల వర్షచ్ఛాయలో ఉన్నది. నైరుతి రుతుపవనాలు తమ తేమలో అధిక భాగాన్ని కనుమలకు ఆవలే వదలి ఇక్కడికి చేరుతాయి. తూర్పు తీరం దూరం కావడం వలన ఈశాన్య రుతుపవనాల ప్రభావమూ పరిమితమే. సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మి.మీ. అందులో సెప్టెంబరు నెలదే పెద్ద వాటా. లోతు తక్కువైన ఎర్రనేలలు ఈ తేమను ఎక్కువ కాలం నిలుపుకోలేవు. ఇటువంటి చోట నీరు తక్కువ కోరే మొక్కల జాబితాను రైతులకు అందించడం పరిపాటి. మొక్క ఆ కొద్దిపాటి నీటిని ఏ నెలలో కోరుతుందన్నది మాత్రం జాబితాలలో కనిపించదు. అసలు చూడవలసినది అదే.

చీనీ ఇందుకు తగిన ఉదాహరణ. ఈ చెట్టు ఏడాది పొడవునా ఆకుతో ఉంటుంది; బోరుబావులు అడుగంటే ఏప్రిల్, మే నెలలలోనే దాని బాష్పోత్సేకం అత్యధికం. కరవు సంవత్సరాలలో ట్యాంకర్లతో నీరు తోలి తోటలను కాపాడుకోవలసి రావడానికి కారణమిదే. రేగు తీరు వేరు. అది వేసవిలో ఆకు రాల్చి నిద్రావస్థలో ఉంటుంది, వానలతో చిగురించి పూస్తుంది, నేలలో మిగిలిన తేమతో చలికాలంలో కాయను పండిస్తుంది. సీతాఫలం కూడా వేసవి ముందు ఆకు రాల్చి వానాకాలంలోనే కాయను పెంచుతుంది. పైగా దాని ఆకును మేకలు ముట్టవు. కంచె లేని మెట్టభూమిలో ఇది చిన్న సౌకర్యం కాదు.

రేగులో తల్లివేరు ప్రధానం. సంచిలో పెరిగిన మొక్కను నాటినప్పుడు ఆ వేరు దెబ్బతినే అవకాశం ఎక్కువ. కాబట్టి విత్తనాన్ని పొలంలోనే మొలకెత్తించి, తరువాత అక్కడే మొగ్గ అంటు కట్టడం మేలు. త్వరగా కాపుకు వచ్చే గోలా వంటి రకాలు, తేమ అడుగంటక ముందే కోతకు వస్తాయి గనుక, ఇక్కడికి అనుకూలం.

అలంకరణ మొక్కలలో కలబంద, నాగజెముడు పత్రరంధ్రాలను రాత్రివేళ తెరచి నీటి నష్టాన్ని తగ్గించుకుంటాయి. గన్నేరులో పత్రరంధ్రాలు ఆకు అడుగున నూగు నిండిన గుంటలలో దాగి ఉంటాయి. అయితే గన్నేరు పశువులకు విషం. పాకల దరిదాపులలో నాటరాదు. కాగితం పూల తీగకు నీరు ఎక్కువైతే ఆకు పెరిగి పూత తగ్గుతుంది. తరచూ నీరు పోసేవారి పెరట్లోనే అది పూయకపోవడం విచిత్రమేమీ కాదు.

ఏ మొక్కకైనా మొదటి రెండేళ్ళు నీరు తప్పదు. రోజూ చల్లే కొద్దిపాటి నీరు పైపొరనే తడిపి వేళ్ళను అక్కడే నిలుపుతుంది. వారం, పది రోజులకొకసారి పాదు నిండుగా ఇచ్చే తడి వేళ్ళను లోతుకు దింపుతుంది. ఈ నీటిని ఇంటికప్పు నుండే సమకూర్చుకోవచ్చు. చదరపు మీటరుపై 1 మి.మీ. వాన ఒక లీటరుకు సమానం. ఆ లెక్కన 50 చదరపు మీటర్ల మిద్దెపై సగటు సంవత్సరంలో 27,500 లీటర్లు పడతాయి. ఐదో వంతు నష్టపోయినా 22,000 లీటర్లు మిగులుతాయి. తొట్టి కట్టే స్తోమత లేనివారు మొక్క పక్కన మట్టికుండను మెడ వరకు పూడ్చి, నీరు నింపి మూత పెట్టవచ్చు. నీరు కుండ గోడల గుండా ఊరి వేళ్ళకు అందుతుంది. పాదులో వేరుశనగ పొట్టు పరిస్తే ఆ తేమ త్వరగా ఆరిపోదు. ఈ ప్రాంతంలో పొట్టుకు కొదువ లేదు.