నెలలు నిండిన తరువాత: పొరలు విడదీయుట

నెలలు నిండినవి. పుట్టింటివారు పాతచీరలు ఉతికి మడతలు పెట్టి ఉంచిరి. వైద్యులు చెప్పిన తేదీ వచ్చినది, పోయినది. నొప్పుల జాడ మాత్రము లేదు. ఇట్టి దినములలో పరీక్షకు వెళ్లిన గర్భిణితో వైద్యురాలు, "పొరలు విడదీయమందువా, అమ్మా? నొప్పులు త్వరగా రావచ్చును" అనును. ఆసుపత్రులలో దీనిని స్వీపింగ్ అందురు. అవుననవలెనా, కాదనవలెనా? ఆ సందేహమునే నేడు విచారింతము.

శిశువు ఉమ్మనీటి సంచిలో పెరుగును. ఆ సంచి పొరలు గర్భాశయపు అడుగుభాగమున గోడకు అంటియుండును. గర్భాశయ ముఖద్వారము కొంత తెరచుకొన్నచో, వైద్యురాలు గ్లౌజు తొడిగిన వ్రేలిని లోనికి పోనిచ్చి, చుట్టును త్రిప్పి, ఆ పొరలను గోడనుండి మెల్లగా విడదీయును. సంచిని చింపుట ఇందులో లేదు. ఈ కదలికవలన ఆ చోట ప్రోస్టాగ్లాండిన్లు అను రసాయనములు విడుదలయి, ముఖద్వారమును మెత్తపరచి, నొప్పులకు దారి చూపును. ఆ రసాయనములకు 1935లో గాని పేరు పెట్టలేదు. ఈ పద్ధతి మాత్రము అంతకు శతాబ్దమునకు పైగా ముందే వైద్యులకు తెలిసియుండెను.

ఇంతకును ఈ తొందర యెందుకని పెద్దలు అడుగుదురు. ప్రశ్న సమంజసమే. కడపటి ముట్టు మొదటి దినమునుండి 280 దినములు లెక్కించి కాన్పు తేదీ చెప్పుదురు. అది అంచనాయే గాని గడువు కాదు. సరిగా ఆ దినముననే పుట్టు శిశువులు బహు కొద్దిమంది. అయినను 41 వారములు దాటిన కొలదియు శిశువునకు అపాయము కొంచెము కొంచెముగా పెరుగును. స్వీడన్ దేశమున 2019లో వెలువడిన పరిశోధనలో 2,760 మంది గర్భిణులు పాల్గొనిరి. సగముమందికి 41 వారములకే మందులతో నొప్పులు రప్పించిరి. తక్కినవారిని 42 వారముల వరకు వేచియుండనిచ్చిరి. మొదటి వర్గమున ఒక్క శిశువును మరణింపలేదు. రెండవ వర్గమున ఆరుగురు మరణించిరి. అంతటితో ఆ పరిశోధననే నిలిపివేసిరి. వేచియుండిన తల్లులలో అత్యధికుల బిడ్డలు క్షేమముగనే పుట్టిరి; కాని వేచియుండుట పూర్తిగా నిరపాయమని తలచుటకు వీలులేదు. కావుననే 41 వారములు నిండినవారికి నొప్పులు రప్పించవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించుచున్నది. ఆసుపత్రిలో చేరి, మందులు వాడి, సెలైన్ ఎక్కించుకొను ఆ అవసరము తప్పునేమో యను ఆశతోనే ముందుగా పొరలు విడదీయుదురు.

ఆ ఆశ ఎంతవరకు నెరవేరును? 2020లో 44 పరిశోధనలను, సుమారు ఏడువేలమంది స్త్రీల అనుభవమును కలిపి పరిశీలించిరి. ఈ పని చేయించుకొనని 100 మందిలో 60 మందికి నొప్పులు వాటంతటవే రాగా, చేయించుకొన్నవారిలో 72 మందికి వచ్చినవి. మందులతో నొప్పులు రప్పించవలసివచ్చినవారు 31 మందినుండి 23 మందికి తగ్గిరి. అనగా పన్నెండుగురు చేయించుకొన్నచో ఒకరికి మాత్రమే ఆ అవసరము తప్పినది. ఈ సాక్ష్యము అంత దృఢమైనది కాదని పరిశీలకులే ఒప్పుకొనిరి.

ఆపరేషను తప్పునని తలచువారు ఇంకొక సంగతి గమనింపవలెను. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణలో నూటికి 60.7, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 కాన్పులు ఆపరేషనుతో జరిగినవి. కావున మన ఇండ్లలో ఈ ఆశ సహజము. కాని పైన చెప్పిన పరిశీలనలో ఆపరేషనులు స్పష్టముగా తగ్గినట్లు కనబడలేదు. తల్లికి గాని బిడ్డకు గాని తీవ్రమైన హాని పెరిగినట్లును కనబడలేదు. ఇక తిథి నక్షత్రములు చూచి ముహూర్తమునకు బిడ్డను కనవలెననువారికి ఇది యేమాత్రమును ఉపకరింపదు. నొప్పులు మరునాడే రావచ్చును. వారము దినములకును రాకపోవచ్చును.

కష్టము లేదా యనిన, కలదు. పరీక్ష వేళ అసౌకర్యము, కొందరికి గట్టి నొప్పి కలుగును. తరువాత కొద్దిగా రక్తపుమరక కనబడుట, కాన్పునకు దారితీయని నొప్పులతో ఒక రాత్రి నిద్రలేకపోవుట సామాన్యము. రక్తము ఎక్కువగా పోయినను, ఉమ్మనీరు కారినను, బిడ్డ కదలిక తగ్గినను తెల్లవారువరకు ఆగక ఆసుపత్రికి పోవలెను. మాయ క్రిందికి ఉండి దారికి అడ్డుపడినవారికి, మరే కారణముననైనను సహజ కాన్పు తగదన్నవారికి ఈ పని చేయరాదు.

కావున ఔననుటకు ముందు గర్భిణి నాలుగు సంగతులు అడిగి తెలిసికొనవలెను. తొలినెలల స్కానింగుతో నా తేదీ సరిచూచితిరా? మాయ ఎక్కడ ఉన్నది? ముఖద్వారము ఇందుకు అనువుగా ఉన్నదా? వద్దన్నచో తరువాతి పరీక్ష ఎప్పుడు, ఎన్నినాళ్లు ఆగవచ్చును?

అన్నిటికంటె ముఖ్యమైనది అనుమతి. మామూలు పరీక్ష చేయుచు, మాటయైనను చెప్పక, పొరలు విడదీయుటయు కొన్నిచోట్ల జరుగుచుండును. అది తగదు. 39 వారములు దాటినపిమ్మట ఈ విషయము గర్భిణితో మాటలాడవలెననియు, ఆమె కోరినచో సమ్మతి తీసికొన్న పిదపనే చేయవలెననియు బ్రిటన్ వైద్య మార్గదర్శకములు 2021లో స్పష్టముగా చెప్పినవి. "నేడు పరీక్ష మాత్రమే చేయుడు, పొరలు ముట్టవలదు" అని ముందుగనే చెప్పుటకును, నొప్పి తాళలేనప్పుడు నడుమనే ఆపుమనుటకును ఆమెకు హక్కు కలదు. అది వైద్యురాలిని అవమానించుట కాదు.

ఇది ప్రాణము నిలుపు అత్యవసర చికిత్స కాదు; వలదనిన తప్పులేదు. చేయించుకొనినను పొరపాటు లేదు. లాభము కొంచెము, కష్టము కొంచెము. రెంటిని తూచుకొనవలసినది ఆ కష్టము పడునామెయే. భర్తయు, తల్లియు, అత్తగారును ఆమె ప్రక్కన కూర్చుండి సంగతులు వినుట మంచిది. కడపటి మాట మాత్రము ఆమెను చెప్పనిండు.